తెర మీది తెలుగు: డెస్క్‌టాప్ లినక్స్ చరిత్ర నేర్పే పాఠం

కంప్యూటర్ తెరపై కనిపించే మాటలు ఏ భాషలో ఉండాలో ఎవరు నిర్ణయిస్తారని మీరెప్పుడైనా ఆలోచించారా? చాలాకాలం ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీదే. ఒక భాష మాట్లాడేవారు కోట్లమంది ఉన్నా, కంపెనీ వ్యాపార లెక్కల్లో గిట్టుబాటు అయితేనే ఆ భాష తెరమీదికి వచ్చేది. ఈ పరిస్థితిని మార్చిన వాటిలో లినక్స్, దాని చుట్టూ పెరిగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ముఖ్యమైనవి. డెస్క్‌టాప్ రంగంలో లినక్స్ గెలిచిందా, ఓడిందా అన్న చర్చ ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. ఆ చరిత్రను మన భాష వైపు నుంచి చూస్తే జమాఖర్చు ఎలా తేలుతుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఈ కథ 1980 ప్రాంతంలో, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఒక ప్రింటర్ దగ్గర మొదలైంది. అక్కడి కృత్రిమ మేధ పరిశోధనశాలకు వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌లో కాగితం తరచు ఇరుక్కుపోయేది. అలా జరిగినప్పుడు అందరికీ సందేశం వెళ్ళేలా ప్రోగ్రాంను మార్చాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. కాని ఆ ప్రింటర్‌తో సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చగలిగే రూపంలోని ప్రోగ్రాం, రాలేదు. అది ఉన్న మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం చేశానంటూ ఆయన నిరాకరించారు. బాగుచేసే నేర్పు ఉంది, అనుమతి లేదు.

1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవడం, దాన్ని చదివి మార్చుకోవడం, ఇతరులకు ఇవ్వడం, మార్చినదాన్ని పంచడం అనే నాలుగు హక్కులు వాడుకరికి ఉండాలన్నది ఆ ఉద్యమ సారం. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఈ హక్కులకు చట్టపరమైన రూపమిచ్చింది. దాని కింద ఉన్న ప్రోగ్రాంను మార్చి పంచేవారు ఆ మార్పులను కూడా అదే షరతులతో పంచాలి.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒకే మాటకు డబ్బు అక్కర్లేదనీ, స్వేచ్ఛ ఉందనీ రెండర్థాలున్నాయి. దీనివల్ల అక్కడ ఎంతో గందరగోళం ఏర్పడింది. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో రావడానికి అదీ ఒక కారణం. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం, స్వేచ్ఛ అని తెలుగులో రెండు మాటలు వేర్వేరుగానే ఉన్నాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ముందు ముందు ఇదే కీలకమవుతుంది.

కమాండ్ల నుంచి కిటికీల దాకా

గ్నూ ప్రాజెక్టు చాలా ప్రోగ్రాములను సిద్ధం చేసినా, యంత్రాన్ని నడిపే కెర్నెల్ మాత్రం పూర్తికాలేదు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ సరదాకు మొదలుపెట్టిన కెర్నెల్ ఆ లోటు తీర్చింది. అదే లినక్స్. 1992లో ఆయన దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చారు.

అయితే అప్పటి లినక్స్ నిపుణుల సాధనమే. మామూలు వాడుకరికి కావలసిన కిటికీలు, మెనూలు 1996లో మొదలైన కేడీఈ, 1997లో మొదలైన గ్నోమ్ ప్రాజెక్టుల నుంచి వచ్చాయి. 2000లో ఓపెన్ ఆఫీస్, 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0, అదే ఏడాది అక్టోబరులో ఉబుంటు తొలి విడుదల వచ్చాయి. అప్పటికి ఇంట్లో, ఆఫీసులో నిత్యం చేసే పనులు చాలావరకు లినక్స్ మీద చేసుకోవడం సాధ్యమైంది.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ నెమ్మది కనెక్షన్లపై ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టంను దించుకోవడం అయ్యే పని కాదు. అందుకే కంప్యూటర్ పత్రికలతో వచ్చిన సీడీలూ, ఊరూరా ఏర్పడిన లినక్స్ వాడుకరుల సంఘాలూ దాన్ని చేతి నుంచి చేతికి చేరవేశాయి. ఉబుంటు సీడీలు 2011 వరకు, కోరినవారికి పోస్టులో ఉచితంగా వచ్చేవి. 2003 మే నెలలో పుణెలో మాట్లాడుతూ నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం కూడా మన దేశం ఓపెన్ సోర్స్ వైపు మొగ్గాలని సూచించారు.

'స్త్రీ' అని రాయడానికి ఆరు మెట్లు

ఇక తెలుగు సంగతికి వద్దాం. 1990లలో తెలుగులో డీటీపీ జోరుగా సాగింది. కాని ఒక్కో ఫాంటు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలను తన పద్ధతిలో అమర్చుకునేది. ఒక ఫాంటులో టైపు చేసిన వ్యాసం మరో ఫాంటులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. ఈ చిక్కుకు పరిష్కారం యూనికోడ్. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాల గడి దక్కింది.

స్థానం దక్కితే చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని గమనించండి. యూనికోడ్‌లో ఇది స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుడి అనే ఆరు సంకేతాల వరుస. వాటిని పక్కపక్కన పేర్చితే తెలుగు కాదు. వత్తులు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఏ అక్షరం మీదికి వెళ్ళాలో లెక్కకట్టే ప్రోగ్రాం కావాలి. గ్నోమ్‌లో ఈ పని పాంగో అనే భాగం చేసేది. గ్రీకులో 'అన్నీ', జపనీసులో 'భాష' అన్న మాటలను కలిపి దానికా పేరు పెట్టారు. దాని కోడ్ అందరికీ తెరిచి ఉన్నందువల్ల, మన లిపిలో ఒక వత్తు తప్పుగా పడితే ఆ లిపి తెలిసినవారే వెళ్ళి సరిచేయగలిగే వీలుండేది.

తర్వాత ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్ పంపిణీల్లో చేరాయి. రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ పేరుతో తెలుగుతో సహా పలు భారతీయ లిపుల ఫాంట్లను జీపీఎల్ కింద విడుదల చేసింది.

మూడో మెట్టు అనువాదం. ప్రోగ్రాంలోని వాక్యాలన్నీ ఒక విడి పట్టికగా దొరుకుతాయి. ప్రతి ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు రాస్తూ పోవాలి. దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, భాష వస్తే చాలు. ఇక్కడ అసలు పరీక్ష మాటలది. 'ఫైల్'ను ఫైలు అనాలా, దస్త్రం అనాలా? 'సేవ్' అంటే భద్రపరచడమా, దాచడమా? పాత కచేరీల దస్త్రాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చినవారూ, జనం నోట ఉన్న ఫైలే మేలన్నవారూ ఇద్దరూ ఉన్నారు. ఏదైనా, ఆ నిర్ణయం మొదటిసారి తెలుగువారి చేతుల్లోకి వచ్చింది.

ఈ పునాది మీదనే హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు లినక్స్‌ను తెచ్చే ప్రయత్నం చేసింది. సీ-డాక్ సంస్థ 2007లో భారతీయ భాషలతో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. కేరళ ఆ దశాబ్దంలోనే తన పాఠశాలల ఐ.టి. బోధనను లినక్స్ మీదికి మార్చింది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్‌కు తెలుగు మెనూలను ఈ కాలంలోనే అందించిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఎక్కడ ఆగింది? ఎక్కడ నిలిచింది?

మరి లినక్స్ ఇంటింటి డెస్క్‌టాప్ ఎందుకు కాలేదు? కొత్త కంప్యూటర్ కొంటే విండోస్ ముందే ఉండేది. కొన్ని ప్రింటర్లు, మోడెములు లినక్స్‌తో పనిచేసేవి కావు. డీటీపీ, ఖాతాల సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడిచేవి. వీటన్నిటికీ తోడు మన దేశంలో మరో కారణముంది. విండోస్ దొంగ కాపీ చాలామందికి డబ్బులేకుండానే దొరికేది. రెండూ ఉచితమే అయినప్పుడు లినక్స్ ఉచితమన్న ప్రచారానికి విలువ ఏముంటుంది? ఉచితాన్ని చాటి స్వేచ్ఛను వివరించకపోవడం వల్ల అసలు తేడా జనానికి చేరలేదు.

అయినా జమ పక్కన చాలానే ఉంది. 2008 నుంచి ఫోన్లలో వస్తున్న ఆండ్రాయిడ్‌కు లినక్స్ కెర్నెలే ఆధారం. 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడిచాయి. పాంగో వంటి ప్రాజెక్టుల్లోని అక్షరాలు కూర్చే కోడ్ నుంచి ఎదిగిన హార్ఫ్‌బజ్ నేడు ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తోంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు వచ్చే తెలుగు సందేశంలో వత్తు సరిగ్గా కూర్చుందంటే ఆ శ్రమ ఫలితం మీ చేతిలో ఉన్నట్టే.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటనతో దీన్ని పోల్చి చూడండి. 'జ్ఞా'ను పోలిన ఒక తెలుగు సంకేతాల వరుస సందేశంగా వస్తే ఐఫోన్‌లోని యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది. కాని అప్పటిదాకా తెలుగు చదవగల ఏ ప్రోగ్రామరూ ఆ కోడ్‌ను తెరిచి చూసే వీలులేదు. స్టాల్‌మన్ ప్రింటర్ దగ్గర ఎదురైన ప్రశ్నే ఇది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చేది అనుమతి మాత్రమేనని కూడా గ్రహించాలి. పని చేసే చేతులను అది ఇవ్వదు. గ్నోమ్, ఉబుంటు ఆరు నెలలకొక విడుదల చేస్తాయి. ప్రతిసారీ కొత్త వాక్యాలు చేరతాయి. అనువదించేవారు లేకపోతే తెలుగు మెనూల మధ్య ఇంగ్లీషు మాటలు మళ్ళీ మొలుస్తాయి. తలుపు తాళం వేయలేదు. లోపలికి వెళ్ళి ఊడ్చి ముగ్గుపెట్టేవారు కావాలి. మీకు తెలుగు బాగా వస్తే, ఆ పనికి మీకున్న అర్హత చాలు.