అల్పవిరామం - అందరా, కొందరా?

ఇంగ్లీషు కామాకు మనం 'అల్పవిరామం' అని పేరు పెట్టుకున్నాం. నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో తెలుగులో చదువుకొని ఇంగ్లీషు రాయబూనిన విద్యార్థి ఊపిరి ఆగినచోటల్లా కామా పెడితే, అందులో ఆ పేరు పాలు కూడా ఉంది. దాన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టడమంటే చరిత్రను మరవడమే.

ఆళ్లగడ్డ దాపున అహోబిలంలోని విజయనగర కాలపు శాసనాల్లో గాని, మన తాటాకు గ్రంథాల్లో గాని కామా లేదు. అచ్చుతోనూ ఇంగ్లీషు చదువుతోనూ అది మనకు వచ్చింది. నంద్యాల ప్రాంతం కర్నూలు నవాబు చేతినుంచి 1839లో కంపెనీ వశమైంది. అంతకుముందే, 1795లో, లిండ్లీ మరే రాసిన ఇంగ్లీషు వ్యాకరణం వెలువడి, ఆ తర్వాత ఎన్నో ముద్రణలు పొందింది. అందులో కామా అంటే అతి చిన్న విరామం. సెమికోలన్ దానికి రెట్టింపు. తర్వాతి కాలంలో ఇంగ్లీషు కామా ఊపిరిని వదిలి వాక్యనిర్మాణాన్ని పట్టుకుంది. మన దగ్గర పాత పేరూ పాత సూత్రమూ మిగిలాయి.

దీని పర్యవసానం చిన్నది కాదు. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ అయ్యాయి. అటువంటి ఒక ఊరి గురించి ఇలా రాశామనుకుందాం: "ది విలేజర్స్ హూ లాస్ట్ ల్యాండ్ గాట్ మనీ." కామాలు లేవు కనుక, ఊరివాళ్లలో భూమి పోయినవాళ్లకే డబ్బు ముట్టిందని అర్థం. 'విలేజర్స్' తర్వాత ఒకటి, 'ల్యాండ్' తర్వాత ఒకటి కామా పెట్టండి. ఊరందరికీ భూమి పోయింది, అందరికీ డబ్బు ముట్టింది అని అర్థం మారుతుంది. భూమిలేని కూలీ ఆ రెండు కామాల మధ్య మాయమైపోయాడు!

తెలుగులో "భూమి పోయిన ఊరివాళ్లకు డబ్బు ముట్టింది" అంటాం. 'పోయిన' అనే ధాతుజ విశేషణం నామానికి ముందే నిలుస్తుంది; అక్కడ కామాకు చోటు లేదు. రెండర్థాలూ పొసగుతాయి. తేడా చెప్పవలసివస్తే తెలుగు మాటనే ఆశ్రయిస్తుంది: "ఊరివాళ్లలో భూమి పోయినవాళ్లకే" అంటాం. ఇంగ్లీషులో కామా ఉండడం, లేకపోవడం తేల్చే సంగతిని మనకు 'లో', 'కే' తేలుస్తాయి.

కనుక ఇంగ్లీషు నేర్పేవారు ఊపిరి లెక్కలు మాని, ముందు తెలుగులో ఒక ప్రశ్న వేయించాలి: ఈ విశేషణం చెప్పేది అందరి గురించా, కొందరి గురించా? కొందరి గురించయితే కామా వద్దు. అందరి గురించయితే రెండు వైపులా కావాలి. జవాబు విద్యార్థి మాతృభాషలోనే ఉంది. ఆ భాషను తరగతి గది బయట నిలబెట్టి కామా నేర్పబూనడమే అసలు తప్పు.