విన్న మాట పుస్తకమైతేనే చరిత్ర

గ్రంథాలయం అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది దినపత్రికలు పరచిన బల్ల, తాళం వేసిన బీరువాలు, "నిశ్శబ్దం" అని రాసిన బోర్డు. కానీ గ్రంథాలయానికి మాట్లాడించే పని గూడా ఉన్నది. పుస్తకం రాసినవారిని పిలిపించడం, చరిత్ర తెలిసినవారి చేత ఉపన్యాసం ఇప్పించడం, వచ్చినవారు నాలుగు ప్రశ్నలు అడగడం - ఇవన్నీ గ్రంథాలయానికి చెందిన పనులే. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకొని బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిపించారు. పుస్తకాలు బీరువాల్లో ఉంటే చాలదు, అందులోని విషయం జనానికి చేరాలన్నదే ఆ పెద్దల తపన.

ఈ విషయంలో మన మదనపల్లె ఏమీ తీసిపోలేదు. 1915లో అనిబిసెంటుగారు ఇక్కడ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు వచ్చి కొన్నాళ్ళున్నారు. అప్పటికే ఆయన నోబెల్ బహుమతి పొందిన కవి. కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గూడా కవియే, ఐర్లండు దేశస్థుడు. ఒక సాయంత్రం విద్యార్థులు, అధ్యాపకులు కూడిన చోట టాగూరు "జనగణమన" పాడి వినిపించారు. తర్వాత ఫిబ్రవరి 28న దానిని ఇంగ్లీషులోకి మార్చి స్వయంగా రాసిచ్చారు. సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరసను స్వరాలతో రాసిపెట్టింది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారి వినిపించిన ఆ పాటే 1950 జనవరి 24న మన జాతీయగీతమైంది. మనం సాధారణంగా పాడేది మొదటి చరణమే. రెండవ చరణంలో దేశంలోని వివిధ మతాలవారి ప్రస్తావన, ముస్లింల పేరుతో సహా, ఉన్నది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటున్నది. కవి వచ్చాడు, పాడాడు, అందరూ చప్పట్లు కొట్టారు - అంతటితో ఊరుకొని ఉంటే ఆ సంగతి విన్నవారితోనే పోయేది. ఒకరు రాశారు, ఇంకొకరు స్వరం కట్టారు గనుక నూరేండ్లు దాటినా మదనపల్లె పేరు దేశం చెప్పుకుంటున్నది.

మన ప్రాంతపు చరిత్ర మిగిలింది గూడా ఇట్లాగే. కంపెనీ కాలంలో కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన వద్ద పనిచేసిన ఏలూరు కావలి సోదరులు గ్రామాల కరణాలనూ పెద్దలనూ అడిగి, వారు చెప్పిన స్థానిక చరిత్రలను రాయించారు. వాటినే కైఫియత్తులంటారు. కైఫియత్ అనేది మన ఇండ్లలో వినపడే ఉర్దూ మాటే! ఈనాడు పరిశోధకులు రాయలసీమ ఊర్ల చరిత్రకు వాటినే ఆధారం చేసుకుంటున్నారు. ఆనాడు నోరు విప్పి చెప్పినవారి ఊరు కాగితం మీదికెక్కింది.

మన సంగతి ఏమిటి? మదనపల్లెకు దగ్గరలోని గుర్రంకొండ కోటను టిపు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ ఏలాడు, ఆయన సమాధి అక్కడే ఉన్నది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. పుంగనూరు జమీందారీ రాజ్యం. కుప్పం మూడు భాషలు కలిసే చోటు. ఇంత చరిత్ర మధ్య నివసిస్తూ కూడా మన కుటుంబాలు ఎక్కడినుంచి వచ్చాయో, ఏ వృత్తులు చేశాయో నానీ, దాదీ చెప్పగా విన్నదే తప్ప రాసిపెట్టినది తక్కువ. ట్రంకు పెట్టెల్లోని పాత కాగితాలు షికస్తా చేతిరాతలో ఉంటే ఉర్దూ చదివినవారికి గూడా కొరుకుడు పడవు. చదవగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. చెదలు మాత్రం ఆగవు.

పాట్నాలోని ఖుదా బఖ్ష్ లైబ్రరీ కథ మనకు దారి చూపుతున్నది. మహమ్మద్ బఖ్ష్ అనే పెద్దమనిషి తన చేతిరాత గ్రంథాలను కొడుకుకు అప్పగించి, వీటిని ప్రజలందరికీ అందుబాటులోకి తెమ్మని కోరాడు. కొడుకు ఖుదా బఖ్ష్ వాటిని ఇంకా పెంచి, సుమారు 4,000 చేతిరాత గ్రంథాలతో 1891లో ప్రజల కోసం తలుపులు తెరిచాడు. ఇంటి ఆస్తి లోకం ఆస్తి అయింది.

మనమంత చేయలేకపోవచ్చు. చేయగలిగింది మాత్రం ఉన్నది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం గనుక ఆ గడప మనది గూడా. మూడు ఊర్లలోనూ ఏడాదికొక సభ పెట్టించాలని మా మనవి. ఒక రచయిత, ఒక చరిత్ర అధ్యాపకుడు, ఒక ఊరి పెద్ద మాట్లాడితే చాలు. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి అధ్యాపకులను ఆహ్వానించవచ్చు. ఆడవారు రాగల వేళ చూసి పెట్టాలి. ఎందుకంటే ఇంటి చరిత్ర ఎక్కువగా తెలిసినది వారికే.

సభలో "ఇది మీకెట్లా తెలిసింది?" అని పిల్లలు అడగాలి, పెద్దలు కోపం తెచ్చుకోరాదు. కాగితంలో ఉన్నదేదో, చెప్పుకోగా విన్నదేదో వేరువేరుగా రాయాలి. గొప్పలు కలిపితే చరిత్ర చెడుతుంది. పాత కాగితాలను ఫోటో తీసి, చదివించి, ప్రసంగంతో సహా ఒక ప్రతి గ్రంథాలయంలో పెట్టాలి.

చదువుకున్న మన యువకులు ముందుకు రావాలి. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబమూ ఇంటి పెద్దవారి పక్కన ఒక గంట కూర్చొని, వారు చెప్పినది తారీఖు వేసి రాసిపెట్టినా మా శ్రమ ఫలించినట్లే.