కోట తలుపు తీసినదెవరు? — రోమ్, గోల్కొండ పతనాలు

మన చారిత్రక నవలల్లోనూ నాటకాల్లోనూ రాజ్యం కూలడానికి రెండే కారణాలు కనిపిస్తాయి. ఒకటి రాజుగారి భోగలాలస, రెండోది ఒక ద్రోహి తలుపు తీయడం. గోల్కొండకు ఈ రెండూ సిద్ధంగా దొరికాయి. ఒక వైపు తానీషా, మరో వైపు 1687 సెప్టెంబరు 21న మొగల్ సైన్యానికి దారి విడిచిన అబ్దుల్లా ఖాన్ పన్నీ. రోమ్ గురించి రాసినప్పుడూ ఇదే వరస. విందుల్లో మునిగిన చక్రవర్తులు, ఉత్తరం నుంచి వచ్చిపడ్డ అనాగరిక జాతులు. వ్యక్తుల గుణదోషాలతో చరిత్రను సరిపెట్టే ఈ పద్ధతిలో పొలం దున్నినవాడికీ, మగ్గం నేసినవాడికీ చోటు లేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఈ పతనాలు మరో రకంగా కనిపిస్తాయి.

రోమ్ వైభవానికి పునాది బానిస శ్రమ. యుద్ధాలు బానిసలను తెచ్చాయి, బానిసలు సంపన్నుల విశాలమైన భూములను పండించారు. ఏళ్ల తరబడి సైన్యంలో ఉన్న చిన్న రైతు ఇంటికి వచ్చేసరికి తన భూమి పెద్దల చేతికి పోయేది. క్రీ.పూ. 73లో స్పార్టకస్ తిరగబడ్డాడు. రెండేళ్లకు ఆ తిరుగుబాటును అణచి, కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడుగునా ఆరువేలమందిని శిలువ వేశారు. రాజ్య విస్తరణ ఆగిపోయాక కొత్త బానిసల రాక తగ్గింది గాని సైన్యం ఖర్చు తగ్గలేదు. పాలకులు నాణెంలో వెండిని కరిగించుకుంటూ పోయారు. ఆగస్టస్, టైబీరియస్‌ల కాలపు మేలిమి వెండి నాణేలు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో నిధిగా బయటపడ్డాయి. మూడో శతాబ్దం మూడో పాదం నాటికి రోమ్ నాణెంలో నూటికి ఐదు పాళ్ల వెండి కూడా మిగల్లేదు.

క్రీ.శ. 332లో కాన్‌స్టంటైన్ శాసనం, పారిపోవాలని చూసే కౌలుదారుకు సంకెళ్లు వేయమన్నది. పన్ను బకాయిలకు పట్టణాల పెద్దలనే జవాబుదారులను చేస్తే వాళ్లూ పారిపోయారు. గాల్ దేశంలో 'బగౌదె' అన్న పేరుతో రైతులు లేచారు. పన్నుల బాధ పడలేక రోమన్లే అనాగరికుల ఏలుబడిలోకి పోతున్నారని ఐదో శతాబ్దపు మతాచార్యుడు సాల్వియన్ వాపోయాడు. 410లో అలారిక్ రోమ్‌ను దోచుకున్నాడు. సలారియన్ ద్వారాన్ని లోపలివాళ్లే తీశారని కథనాలున్నాయి. అంతకుముందే వేలాదిమంది బానిసలు నగరం విడిచి అతనితో కలిశారు. వాళ్లను ద్రోహులనడానికి మనకు నోరు రావాలి.

గోల్కొండ పునాది వేరు. ఇక్కడ ఉత్పత్తికి ఆధారం బానిసలు కాదు, భూస్వామ్యపు పట్టులో ఉన్న రైతు, చేతివృత్తులవాడు. ఈ తేడా మరిచి పోలిక పెడితే అది పద్యాలంకారమే అవుతుంది. 1578లో పురానాపూల్, 1591లో చార్మినార్ లేచాయి. ఆ నగరం వెనక మచిలీపట్నం రేవు ఉంది, అద్దకపు బట్టలు ఉన్నాయి, కోనసముద్రం ఉక్కు ఉంది. కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లా కలిసి అరవైవేలమంది పనిచేశారని తావర్నియే లెక్క. ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి కావ్యం అంకితమిచ్చాడు, అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగన అచ్చతెనుగు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. సాహిత్య విద్యార్థులం ఇంతవరకు చదువుతాం. ఆ కావ్యపోషణకు డబ్బు ఎలా వచ్చిందన్న ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో రాదు.

మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు మెథ్‌వోల్డ్ దానికి జవాబు రాసి పెట్టాడు. అధికారాన్ని ఏటేటా వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడు గుత్త పట్టి, దాన్ని కింద ముక్కలుగా అమ్ముకునేవాడు. చివరి ముక్క రైతు నెత్తిన పడేది. తన కళ్లముందే ఒక గుత్తేదారు బకాయి కట్టలేక బెత్తం దెబ్బలకు చచ్చిపోయాడని మెథ్‌వోల్డ్ రాశాడు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఆసియా రాష్ట్రపు పన్నులను రోమ్ ఇలాగే వేలానికి పెట్టింది. కంచర్ల గోపన్న ఖైదును భక్తికథగా విన్న మనం, అది శిస్తు సొమ్ము లెక్క తేలని తహసీల్దారు కథ అని కూడా గుర్తుంచుకోవాలి.

తానీషా పట్టానికి రాకముందే ఆ రాజ్యం తాకట్టులో ఉంది. 1636 ఒడంబడికతో ఏటా రెండు లక్షల హొన్నులు షాజహానుకు కప్పం. 1656లో, వజ్రాలతోనూ గుత్తలతోనూ బలిసిన మీర్ జుమ్లా ఔరంగజేబు పక్షం చేరాడు. అదీ ద్వారం తీయడమే, అది ముప్పై ఏళ్ల ముందే జరిగింది. నగరంలో ఇరవైవేల వేశ్యల పేర్లు దరోగా పుస్తకంలో ఉన్నాయనీ, వాళ్ల చుట్టూ సాగే కల్లు అమ్మకం సర్కారుకు రాబడి అనీ తావర్నియే అంటాడు. మన నాటకకర్తలు భోగలాలస అని వర్ణించేది ఖజానాలో ఒక పద్దు.

1685లో మొగల్ సైన్యం హైదరాబాదును దోచింది. మరుసటి ఏడు అక్కన్న మాదన్నలను వీధిలో నరికారు. శాలిబండలో వాళ్ల పేరున్న గుడి దగ్గర ఇప్పటికీ బోనాలెత్తుతారు. ఎనిమిది నెలల ముట్టడిలో అమీర్లు ఒక్కొక్కరే అవతలికి జారుకున్నారు. గుత్తకు తీసుకున్న రాజ్యం కోసం ఎవడు ప్రాణమిస్తాడు? అబ్దుర్రజాక్ లారీ లాంటివాడు ఒళ్లంతా గాయాలతో పోరాడాడు గాని అలాంటివాళ్లు అరుదు. 1617లో కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన మక్కామసీదును 1694లో ఔరంగజేబు ముగించాడు. పాలకుడు మారాడు, శిస్తు ఆగలేదు.

రోమ్ బగౌదెకు సాటి ఇక్కడ ఆ తరువాతే కనిపిస్తాడు. తాటికొండకు చెందిన గీతకులస్థుడు సర్వాయి పాపడు 1708లో వరంగల్లును కొల్లగొట్టాడు. 1709లో బహదూర్‌షా అతన్ని దర్బారులో మన్నించక తప్పలేదు. 1710లో పట్టుకుని చంపి, తల చక్రవర్తికి పంపి, మొండేన్ని హైదరాబాదు ద్వారానికి వేలాడదీశారు. ఖాఫీఖాన్ చరిత్రలో అతను దోపిడీ దొంగ. తెలుగు పల్లెలు మాత్రం అతని కథను పాటగా పాడుకున్నాయి. దాన్ని 1874లో బోయిల్ అనే ఆంగ్లేయుడు అచ్చుకెక్కించాడు. పాడినవాళ్ల పేర్లు అందులో లేవు.