బాలలపై లైంగిక హింస: నివారణ పరిశోధన

పిల్లల మీద జరిగే లైంగిక హింసను, ఇళ్లలోనూ బళ్లలోనూ వాళ్లు పడే దెబ్బలను అసలు జరగకుండానే ఆపడం ఎలాగో సర్వేలతో, ప్రయోగాలతో తేల్చే అధ్యయన రంగం ఇది. వైద్యం, మనస్తత్వశాస్త్రం, నేరశాస్త్రం, ప్రజారోగ్యం కలిసే చోట గత అర్ధ శతాబ్దంలో ఎదిగింది. నేరస్తుణ్ణి పట్టుకోవడం, శిక్షించడం పోలీసుల పని, కోర్టుల పని. అంతకుముందే ఎవరి నడతలో, ఏ చోట, ఏ మార్పు తెస్తే నేరం తగ్గుతుందన్నది ఈ పరిశోధకులు వేసుకునే ప్రశ్న. ఇప్పటిదాకా చేతికొచ్చిన ఆధారాలు ఎక్కువగా ఒకవైపే మొగ్గుతున్నాయి: జాగ్రత్త పడే బాధ్యతను పిల్లల మీద పెట్టిన చోట కన్నా, పెద్దల తీరునూ బడి ఆవరణనూ ఇంటి పరిస్థితినీ మార్చిన చోట ఫలితం బాగుంది.

పుట్టుక

1962లో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. పసిబిడ్డల ఎక్స్‌రేల్లో ఒక ఎముక కొత్తగా విరిగి, మరొకటి సగం అతుక్కుని, ఇంకొకటి ఎప్పుడో అతుక్కుపోయి కనిపిస్తే, అది మంచం మీంచి ఒకసారి పడ్డ దెబ్బ కాదని, ఆ బిడ్డను పదేపదే కొడుతున్నారని వైద్యులు గుర్తించాలని చెప్పారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే అమెరికా రాష్ట్రాలన్నీ ఇలాంటి కేసులను అధికారులకు తెలియజేయాలంటూ చట్టాలు చేశాయి. లైంగిక దురాచారం కూడా వైద్యుల కళ్లబడకుండా దాగిన సమస్యేనని 1970ల చివర్లో కెంపే చెప్పాడు.

1984లో సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫింకెల్‌హార్ ఈ నేరం జరగాలంటే నాలుగు అడ్డంకులు వరసగా తొలగాలని వివరించాడు. నేరం చేసేవాడికి ఆ కోరిక ఉండాలి. తప్పన్న లోపలి జంకు పోవాలి. బిడ్డను కనిపెట్టుకుని ఉండే పెద్దల చూపు తప్పాలి. చివరికి బిడ్డ ప్రతిఘటనను వాడు లొంగదీసుకోవాలి. ఈ వరసలో బిడ్డ చేయగలిగింది ఆఖరున, మిగతా మూడూ విఫలమయ్యాక వస్తుంది. నివారణ పేరుతో మొదలైన కార్యక్రమాల్లో చాలా వాటి దృష్టి మాత్రం ఆ ఆఖరి అడ్డంకి మీదే నిలిచిపోయింది.

బడిపాఠాల బలం, పరిమితి

మన బళ్లలో ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పేరుతో చెప్పే పాఠాలు ఈ కోవలోవే. ఇలాంటి పాఠాల మీద జరిగిన 24 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 5,802 మంది పిల్లల వివరాలను 2015లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. పిల్లలకు విషయం తెలిసింది, నేర్చుకున్నది కొన్ని నెలలు గుర్తుంది, భయాందోళనలు పెరిగిన దాఖలా లేదు. అయితే ఆ పాఠాల వల్ల దురాచారమే తగ్గిందా అన్నది ఆ ప్రయోగాల్లో తేలలేదు. పాఠం దండగని దీని అర్థం కాదు. జరిగినదానికి పేరు తెలిసిన బిడ్డ నోరు విప్పగలుగుతుంది, విప్పితే రెండోసారి జరగకుండా ఆపే వీలుంటుంది. కానీ రోజూ ఇంటికి వచ్చి ముద్దు చేసే బాబాయినో ట్యూషన్ మాస్టారినో ఏడేళ్ల పిల్ల ఎదిరించి తీరాలనడం న్యాయం కాదు. ఆ పిల్ల ఎదిరించలేకపోతే తప్పు ఆమెది అవదు.

పెద్ద తరగతుల్లోనూ ఇదే సంగతి బయటపడింది. న్యూయార్క్ నగరంలోని 30 మిడిల్ స్కూళ్లలో బ్రూస్ టేలర్, నాన్ స్టైన్ బృందం ‘షిఫ్టింగ్ బౌండరీస్’ అనే ప్రయోగం చేసింది. ఆ బళ్లను లాటరీ పద్ధతిలో నాలుగు రకాలుగా విడదీశారు. కొన్నిచోట్ల ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నిచోట్ల పాఠాలు లేకుండా బడి ఆవరణలోనే మార్పులు చేశారు. కొన్నిచోట్ల రెండూ చేశారు. మిగిలినచోట్ల ఏమీ చేయలేదు. ఆవరణ మార్పుల్లో ముఖ్యమైనది బడి మ్యాపు. ఏ మెట్ల దగ్గర, ఏ వరండా మలుపులో, భోజనాల హాల్లో ఏ మూల తమకు భయంగా ఉంటుందో, ఎక్కడ ధైర్యంగా ఉంటుందో పిల్లలే గుర్తులు పెట్టారు. ఆ గుర్తులను బట్టి టీచర్లు, సిబ్బంది నిలబడే చోట్లు మార్చారు. వేధించిన విద్యార్థి బాధితుల దగ్గరికి రాకుండా బడి స్థాయిలోనే ఒప్పందం రాయించారు, గోడలకు పోస్టర్లు పెట్టారు. ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే ఆవరణ మారిన బళ్లలో తోటి విద్యార్థుల లైంగిక హింస తగ్గింది. పాఠాలు మాత్రమే చెప్పినచోట తగ్గలేదు. ఏ వేళ ఏ మూల చీకటిగా ఉంటుందో ఆ బడిలో తిరిగే పిల్లలకు తెలిసినంతగా తనిఖీ అధికారికి తెలియదు. ఆ తెలివిని వాడుకోవడం ఈ ప్రయోగం గొప్పతనం. పెద్ద ఖర్చు కూడా లేదు.

2014లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రానికి చెందిన సారా డెగ్యూ బృందం లైంగిక హింస నివారణ మీద వచ్చిన 140 అధ్యయనాలను జల్లెడ పట్టింది. గట్టి పరీక్షకు నిలిచి, నేర ప్రవర్తనను నిజంగా తగ్గించినవి మూడే తేలాయి. ఒకటి ‘షిఫ్టింగ్ బౌండరీస్’ ఆవరణ మార్పులు, రెండోది ఉత్తర కరోలినాలో వాంజీ ఫోషే రూపొందించిన ‘సేఫ్ డేట్స్’ పాఠ్యక్రమం, మూడోది 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద అందిన నిధులు. ఒక గంట ఉపన్యాసం, ఒక పూట సదస్సు వంటివి మనసుల్లో కాసేపు కదలిక తెచ్చినా ప్రవర్తనను మార్చలేకపోయాయి. కెంటకీలోని 26 హైస్కూళ్లలో, పక్కన ఉన్నవాళ్లు జోక్యం చేసుకునేలా శిక్షణనిచ్చిన ‘గ్రీన్ డాట్’ ప్రయోగంలోనూ మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చాకే తేడా స్పష్టమైంది.

గడప దాటి వచ్చే నర్సు

పసిపిల్లల విషయంలో అందరూ ఉదహరించే ప్రయోగం న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా పట్టణంలో జరిగింది. 1970ల చివర్లో డేవిడ్ ఓల్డ్స్ తొలి కాన్పు కోసం ఎదురుచూస్తున్న 400 మంది గర్భిణులను ఎంచుకున్నాడు. వారిలో పేదవారు, చిన్న వయసువారు, తోడు లేనివారు ఎక్కువ. కొందరి ఇళ్లకు గర్భం నాటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా ఒకే నర్సు వచ్చి వెళ్లేది. తిండి, సిగరెట్లు మానడం, రాత్రంతా ఏడ్చే బిడ్డను ఓర్చుకోవడం, మళ్లీ చదువుకోవడం, ఉద్యోగం వెతుక్కోవడం వంటివన్నీ మాటల్లోకి వచ్చేవి. దురాచారం గురించి ఉపన్యాసం ఏమీ ఉండేది కాదు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, నర్సు వచ్చిన కుటుంబాల్లో పిల్లలను హింసించిన, పట్టించుకోని కేసులు మిగతావాటిలో దాదాపు సగమే ఉన్నాయి.

2000లో వచ్చిన మరో విశ్లేషణ దీనికి ఒక హద్దు చూపించింది. తల్లి మీద భర్త లేదా సహచరుడి హింస తరచూ జరిగే ఇళ్లలో నర్సు రాకపోకల ఫలితం కనిపించలేదు. తల్లికి రక్షణ లేని ఇంట్లో బిడ్డకు రక్షణ వేరుగా దొరకదని అంకెలతో చూపిన అధ్యయనాల్లో ఇది ముఖ్యమైనది.

ఇంట్లో ఆడవాళ్ల మీద, బళ్లో పిల్లల మీద జరిగే హింసను తగ్గించే ప్రయోగాలు ఆఫ్రికాలోనూ జరిగాయి. దక్షిణాఫ్రికాలోని లింపోపోలో పేద మహిళల సంఘాలకు చిన్న అప్పులిస్తూనే, సమావేశాల్లో హింస, ఆరోగ్యం, ఆడవాళ్ల హక్కుల గురించి చర్చలు నడిపిన ‘ఇమేజ్’ ప్రయోగంలో భర్త లేదా సహచరుడి హింస 55 శాతం తగ్గింది. అప్పు మాత్రమే ఇచ్చిన సంఘాల్లో ఆదాయం మెరుగైనా హింస తగ్గలేదు. ఊరూరా డ్వాక్రా సంఘాలున్న తెలుగు రాష్ట్రాలు పట్టించుకోవలసిన ఫలితమిది. నెలనెలా కూర్చునే సంఘం సిద్ధంగా ఉంది, అక్కడ ఈ మాట ఎత్తడమే మిగిలింది. ఉగాండాలోని లువీరో జిల్లాలో 42 ప్రాథమిక పాఠశాలల్లో పరీక్షించిన ‘గుడ్ స్కూల్ టూల్‌కిట్’ టీచర్లు కొట్టడాన్ని 42 శాతం తగ్గించింది.

నేరం వైపు వంగేవారితో పని

పిల్లల పట్ల లైంగిక ఆకర్షణ ఉన్నట్టు తమకే తెలిసి, ఇంకా నేరానికి దిగనివారికి గోప్యంగా చికిత్స ఇస్తామని బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి 2005లో ప్రకటించింది. ఈ ఆలోచన చాలామందికి కంపరం పుట్టిస్తుంది. కానీ ఫింకెల్‌హార్ చెప్పిన మొదటి అడ్డంకి దగ్గరే ఆపే ప్రయత్నమిది. అది ఫలిస్తే ఏ బిడ్డా బాధితురాలు కానక్కర్లేదు. ఫలితాల మీద మాత్రం వాదాలు సాగుతున్నాయి.

కొలతలోని చిక్కు

కేసుల సంఖ్యను బట్టి జయాపజయాలు తేల్చడం ఇక్కడ కుదరదు. మంచి కార్యక్రమం మొదలైన ఏడాది ఫిర్యాదులు పెరగవచ్చు, ఎందుకంటే దాచుకున్నవాళ్లు చెప్పుకోవడం మొదలుపెడతారు. అందుకే పేర్లు అడగకుండా నేరుగా పిల్లలనే ప్రశ్నించే సర్వేలు అవసరమవుతాయి. ఆ సర్వేలో కష్టం చెప్పుకున్న బిడ్డకు అప్పటికప్పుడు సాయం అందించే ఏర్పాటు కూడా ఉండాలి.

భారతదేశంలో

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక దురాచారానికి గురయ్యామన్నారు. వారిలో సగానికి పైగా మగపిల్లలు. ఈ శాతం అత్యధికంగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దురాచారానికి పాల్పడినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. ఈ అధ్యయనం తర్వాత అయిదేళ్లకు, 2012 నవంబరు 14న, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం అంటుంది. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించాలని 2020 నాటి నియమాలు చేర్చాయి.

వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం, న్యాయసాయం ఒకే కప్పు కింద అందేలా 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం బాధితుల్ని గడపగడపకూ తిప్పకుండా కాపాడుతోంది. పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 అందరికీ అందుబాటులో ఉంది. ఇవన్నీ ఎంతో అవసరమైనవే, అయితే ఎక్కువగా నేరం జరిగాక పనికొచ్చేవి. ముందే ఆపే దిశగా మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో చెప్పుకోదగ్గది ముంబైలోని ‘పరివర్తన్’. కాలిఫోర్నియాలో హైస్కూలు కోచ్‌లతో పరీక్షించిన పద్ధతిని క్రికెట్ కోచ్‌లకు అనువుగా మార్చి, ఆడపిల్లలను గౌరవించడం గురించి ప్రాక్టీసు మధ్యలో కుర్రాళ్లతో మాట్లాడించారు. న్యూయార్క్‌లో చేసిన బడి మ్యాపు లాంటి పనికి చట్టం మార్చనక్కర్లేదు, పెద్ద బడ్జెటూ అక్కర్లేదు. మన హైస్కూళ్లలో, సంక్షేమ హాస్టళ్లలో ఒక విద్యా సంవత్సరం నడిపి, ఫలితాన్ని నిజాయితీగా కొలవడానికి ఒక జిల్లా యంత్రాంగం చాలు.