ఇనుప పట్టా నుంచి పదహారు ప్లై దాకా

పోయిన ఎండాకాలం గోరంట్లలో మా మామతో కలిసి ట్యాంకరుకి టైర్లు కొనడానికి వెళ్ళాను. ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ట్యాంకరు, 5,000 లీటర్లు. అంటే నీళ్ళే ఐదు టన్నులు, ఇనుము బరువు వేరే. అంతకు ముందు ఏడాది నిండు ట్యాంకరుతో దిగువకి దిగుతుంటే టైరు పేలి, ట్యాంకరు ట్రాక్టరునే పక్కకు ఈడ్చేసింది. డ్రైవరు దూకి బతికాడు. అది లారీ నుంచి తీసేశాక రీసోల్ చేయించిన టైరు. మన ఊళ్ళల్లో ట్రాలీలకు వచ్చేవి ఎక్కువగా అలాంటి రెండో జన్మ టైర్లే.

బెంగళూరులో నా కారుకి రేడియల్స్ కొన్న అనుభవంతో ఏదో చెప్పబోయాను. "కంపముల్లు పక్కన దిగితే నీ రేడియల్ ఏం జేస్తాదల్లుడూ?" అన్నాడు మామ. నిజమే, రేడియల్ టైరు పక్కగోడ మెత్తన. బరువుతో ఊగే బండికి గట్టి పక్కగోడ కావాలి. చివరికి 9.00-16 సైజులో, పదహారు ప్లై పాతరకం నైలాన్ టైర్లు తీసుకున్నాం. ప్లై అంటే ఒకప్పుడు లోపలి నూలు పొరల లెక్క. నైలాన్ వచ్చాక తక్కువ పొరలతోనే అంత బలం వస్తోంది కానీ పాత లెక్క అలాగే ఉండిపోయింది. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటి అంకెలు చాలానే ఉంటాయి.

మా తాత కాలంలో ఈ బేరమే లేదు. వడ్రంగి ఇరుసు, ఆకులు, చక్రం చేసేవాడు. కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉండగానే చెక్కచక్రానికి తొడిగి నీళ్ళు పోసేవాడు. బుస్సుమని ఆవిరి లేచి, పట్టా బిగుసుకునేది. నేను ఇంజనీరింగ్‌లో మార్కుల కోసం చదివిన పాఠం ఇది.

ఇనుప పట్టాను మరీ తక్కువ చేయకూడదు. గట్టి నేల మీద అది బాగానే దొర్లుతుంది. చిత్రావతి ఇసుకలోనో వానాకాలపు బురదలోనో మాత్రం సన్నటి పట్టా దిగబడిపోతుంది. కంకర రోడ్డునేమో కోసేస్తుంది.

గాలి టైరును 1888లో పేటెంట్ చేసిన జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు. మొదట కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం చేశాడు. ఆయన పేరున్న కంపెనీ 1936లో బెంగాల్లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది, ఎద్దుబండికి కూడా గాలి టైర్లు వచ్చాయి. ఉత్తరాదిలో ఆ బండి పేరే డన్‌లప్ అయిపోయింది. మనం టైరుబండి అన్నాం.

పశువైద్యుడి టైరు ఎద్దుకు సుఖం ఇచ్చిందా? అదే బరువు లాగితే ఇచ్చేదే. కానీ బండి తేలిగ్గా కదులుతోందని మనం ఇంకో నాలుగు వేరుశనగ బస్తాలు ఎక్కువ వేశాం. మిగిలిన శ్రమ ఎద్దు ఖాతాలో కాకుండా యజమాని ఖాతాలో జమయింది. 1970ల్లో బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి, ఎద్దుబండి చక్రం గురించీ మెడ మీది కాడి గురించీ ఏళ్ళ తరబడి పోరాడాడు. ఎంబీఏలు నేర్పే చోట కూర్చుని ఎద్దు మెడ పుండు గురించి మాట్లాడటం నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

ఇంకో మార్పు కూడా జరిగింది. పట్టా వదులైతే ఊళ్ళోనే కమ్మరి ఉండేవాడు, గింజలిచ్చినా పని జరిగేది. టైరు పోతే హిందూపురం, అదీ రొక్కం. కమ్మరి కొలిమి చల్లారిపోయి పంక్చర్ షాపు వెలిసింది.

ఆ షాపును బతికించేది కంపచెట్టు. 1877లో, ఈ సీమను పెద్ద కరువు పీల్చేస్తున్న రోజుల్లో, దీని విత్తనాలు జమైకా నుంచి కడప జిల్లాకు తెప్పించారు. ఎండు నేలలో కట్టెలకు పనికొస్తుందని. వచ్చింది కూడా. ఇప్పుడు చెరువు గట్లూ బండిదారులూ దానివే. ఒక కరువుకు నాటిన చెట్టు, ఇంకో కరువులో నీళ్ళు మోసే టైర్లకు ముల్లు దించుతోంది.

టైర్లు ఎక్కించాక షాపు కుర్రాడు గాలి పట్టాడు. మామ మీటరు రెండుసార్లు చూపించమన్నాడు, నిండు ట్యాంకరుకి గాలి తక్కువైతే పక్కగోడ వేడెక్కి పేలుతుందని ఆయనకిప్పుడు తెలుసు. పాత టైరును ఏం చేద్దామని అడిగాను. ఇంటికి తీసుకుపోదాం, కోసి బర్రెలకు తొట్టి చేస్తానన్నాడు.