తరుగుదలకి కట్టిన వెల

కన్నడంలో బళే అంటే గాజు. గాజుల వర్తకుల వల్లనే బళేపేటకి ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడక్కడ గాజులకంటే పట్టుచీరల దుకాణాలూ, వాద్యపరికరాల దుకాణాలూ ఎక్కువ. వీణలూ, తబలాలూ, హార్మోనియాలూ ఉన్న చోటే గిటార్లూ వేలాడుతుంటాయి.

మొన్నామధ్య మా మేనల్లుడు నన్నక్కడికి లాక్కుపోయాడు. రంగు లేచిపోయి, అంచుల్లో చెక్క బయటపడి, మరలకి తుప్పుపట్టిన ఒక బేస్ గిటార్ చూపించాడు. "ఎవరో వాడేసిందా?" అన్నాను. "కాదు మామయ్యా, కొత్తదే. కావాలనే అలా చేస్తారు. రెలిక్ అంటారు" అన్నాడు. పక్కనే నిగనిగలాడుతున్న దానికంటే దీని వెల ఎక్కువ! బి.కాం.లో నేను చదువుకున్న తరుగుదల ఆస్తి విలువలోంచి ఏటేటా తీసేసేది. ఇక్కడ దాన్ని మొదటిరోజే వెలకి కలిపేశారు.

దీనికో చరిత్ర ఉంది. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌నీ, ఆయన కంపెనీయే 1960లో జాజ్ బేస్‌నీ తెచ్చాయి. 1965లో కంపెనీ సి.బి.ఎస్. చేతికి పోయింది. తర్వాత పనితనం పడిపోయిందన్న మాట వాయించేవాళ్ళలో పాకి, అంతకుముందరి గిటార్ల వెల కొండెక్కింది. అవి కొనలేనివాళ్ళ కోసం 1995లో ఫెండర్ కంపెనీయే పాతబరచిన గిటార్లని, అలా అని చెప్పే, అమ్మకానికి పెట్టింది. మొదటి కొన్నేళ్ళు ఆ పనిచేసిన నిపుణుడు విన్స్ కునెటో. విద్య మాత్రం అంతకుముందుదే. 19వ శతాబ్దంలో పారిస్‌లో జాన్ బాప్తిస్త్ వియోమ్ స్ట్రాడివారి వయొలిన్లకి నకళ్ళు తీస్తూ అరుగుదలని కూడా నకలు తీశాడు.

పాతబరచడంలో మంచి పనేదో, మొరటుపనేదో తెలియాలంటే ముందు వాయించే మనిషిని ఊహించుకోవాలి. కుడి ముంజేయి ఆనే పై అంచు, బొటనవేలు ఆన్చుకునే చోటు, వెనకవైపు బెల్టు బకిల్ ఒరిసే చోటు, ఎడమచేయి జారే మెడ వెనకభాగం అరగాలి. ఏ చెయ్యీ తగలని మూల చెక్క బయటపడితే అది ఉప్పుకాగితం పని. పాత ఫెండర్ల మీది నైట్రోసెల్యులోజ్ లక్క పలచన. ఎండకీ చలికీ చెక్క కదిలి, అది సన్నగా పగులుతుంది. ఏ రెండు పగుళ్ళూ ఒకలా ఉండవు. బ్లేడుతో గీసినవి రూళ్ళకాగితంలా ఉంటాయి. 1960ల చివర వచ్చిన మందపాటి పాలియెస్టర్ పూత పెచ్చులూడుతుంది గాని అలా అరగదు. ముందువైపు ప్లాస్టిక్ పలక విప్పితే వెలుతురు సోకని చోట రంగు తక్కిన చోటికంటే ముదురుగా ఉండాలి; శ్రద్ధగల పనివాడు దాన్ని కూడా మరిచిపోడు.

ఇదంతా కంటి పరీక్షే. మెడ తిన్నగా ఉందా, మెట్లు సమంగా ఉన్నాయా, తీగ ఎక్కడైనా జరజరమంటోందా, శ్రుతి నిలుస్తోందా అన్నవి రంగుకింద దాగే సంగతులు. పాతదైనంత మాత్రాన నాదం గొప్పదని కూడా చెప్పలేం. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకి కళ్ళు సరిగా కనబడని అద్దాలు పెట్టి మూడు కొత్తవీ, మూడు పాతవీ వాయించమన్నారు. పాతవాటిలో రెండు స్ట్రాడివారివి, ఒకటి గ్వార్నేరిది. ఎక్కువమంది ఇంటికి తీసుకుపోతామన్నవి కొత్తవే.

ఈ మాటలు నాకు వట్టి పరిజ్ఞానం కాదు. ఇరవై ఏళ్ళ క్రితం మా అమ్మాయి కోసం వీణ కొన్నాను. వీణకి 24 మెట్లు స్థిరపడింది తంజావూరునేలిన మన రఘునాథ నాయకుడి కాలంలోనంటారు. ఆ అభిమానంతో 'పాత తంజావూరు వీణ' అనగానే కొత్తదానికంటే బాగా ఎక్కువిచ్చి తెచ్చుకున్నాను. దుకాణం ఏదో చెప్పను. కొన్నేళ్ళకి మైనం మార్చి మెట్లు కూర్చడానికి ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, ఆయన ఒక బిరడా ఊడదీసి రంధ్రంలోకి టార్చి వేశాడు. "చూడండి సార్" అన్నాడు. లోపల పసుపుపచ్చగా ఉంది. పనసచెక్క కొత్తలో ఆ రంగే; ఏళ్ళు గడిచేకొద్దీ గాలి తగిలిన చోటల్లా ఎరుపు, గోధుమరంగుల్లోకి తిరుగుతుంది. పై నలుపంతా పూసిన రంగు. మెట్ల మీద తీగ ఒరిసిన గాళ్ళు కూడా లేవు. ఇత్తడి మెట్లున్న వీణ యాభై ఏళ్ళు మోగి ఉంటే గాళ్ళు పడకుండా ఉండవు. మెట్లు కొత్తవి వేశారేమో అన్నాను, ఆశ చావక. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

బ్యాంకులో ఇతరుల తాకట్టు సరుకు విలువ కట్టించి అప్పులిచ్చినవాణ్ణి; నా సొంత సరుకుకి బిరడా కూడా విప్పించలేదు!

అందుకే ఆ రోజు మేనల్లుణ్ణి ప్లాస్టిక్ పలక విప్పించి చూడమన్నాను. కొట్టువాడు విసుక్కోకుండా విప్పాడు, తయారైన ఏడాది రాసిన కాగితం కూడా చూపించాడు. పలక కింద రంగు పైరంగులాగే వెలిసి ఉంది. మావాడు నిగనిగలాడే దాన్ని కొనుక్కున్నాడు, వాడే పాతబరుచుకుంటాడట.

నా వీణ మా ఇంట్లోనే ఉంది. అమ్మాయి వచ్చినప్పుడు వాయిస్తుంది. నాదం బాగానే ఉంటుంది. నేను ఎక్కువిచ్చింది ఆ నల్లరంగుకి.