జబ్బు ఎవరికి ముదురుతుంది?

ఇంట్లో నలుగురికీ ఒకే వైరస్ సోకినా, ముగ్గురు వారం తిరక్కుండానే లేచి తిరుగుతారు. ఒకరికి మాత్రం ఊపిరి అందదు. ఆ ఒక్కరెవరో ముందే పసిగట్టాలని వైద్యులు వందేళ్లుగా తాపత్రయపడుతున్నారు.

1918 ఇన్‌ఫ్లుయెంజా వారి అంచనాలను తలకిందులు చేసింది. అలాంటి జ్వరాలు పసివాళ్లనూ ముసలివాళ్లనూ తీసుకుపోవడం మామూలే. ఈసారి 20 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లు కూడా పెద్ద సంఖ్యలో పోయారు. గర్భిణుల పరిస్థితి మరీ ఘోరం. భారతదేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారని అంచనా. అప్పటి డాక్టరుకు ప్రధాన ఆధారం కళ్లే. పెదవులు, చెవులు నీలంగా మారితే రోగి మీద ఆశ వదులుకునేవారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయిందనడానికి అది గుర్తు. కాకపోతే కంటికి కనిపించేసరికే సమయం మించిపోయేది.

1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తరసిలో ఒక వింత గమనించారు. న్యుమోకాకస్ బాక్టీరియా నుంచి తీసిన 'సి' పదార్థం కలిపితే, జబ్బు తీవ్రంగా ఉన్నవారి రసిలో అవక్షేపం ఏర్పడేది. కోలుకున్నాక ఏర్పడేది కాదు. 'సి' పదార్థంతో కలిసి ఆ అవక్షేపం ఏర్పరిచిన ప్రోటీనే ఇవాళ ల్యాబ్ రిపోర్టుల్లో మనం చూసే సీఆర్‌పీ. మనిషికి ఫ్లూ తెచ్చే వైరస్‌ను లండన్‌లో వేరు చేసింది ఆ తర్వాత, 1933లో.

1957 ఏషియన్ ఫ్లూలో గుండెజబ్బులున్నవారు, గర్భిణులు ఎక్కువగా దెబ్బతిన్నారు. 65 దాటినవారికి, దీర్ఘరోగులకు, గర్భిణులకు ఏటా ఫ్లూ టీకా అవసరమని 1960లో అమెరికా చెప్పింది. 2009 స్వైన్ ఫ్లూ ఆ జాబితాకు స్థూలకాయాన్ని చేర్చింది.

2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రి వైద్యులు 138 మంది రోగులను పరిశీలించారు. వయసు పైబడడం, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ బాగా పెరగడం, చేరేనాటికే న్యూట్రోఫిల్ కణాలు ఎక్కువగా ఉండడం చెడు సూచనలని తేల్చారు. 2020లో వూహాన్‌లో 191 మంది కోవిడ్ రోగుల మీద జరిగిన అధ్యయనం వయసుతోపాటు, రక్తం గడ్డకట్టడాన్ని సూచించే డీ-డైమర్‌ను ముందుకు తెచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఇలాంటి రక్తపరీక్షల పేర్లు మన ఊళ్లలో నోటిమాటలయ్యాయి. 2021 వేసవిలో సీఆర్‌పీ, ఫెరిటిన్, డీ-డైమర్, ఐఎల్-6 అంకెలు వాట్సాప్‌లో తిరిగాయి. అంకె పెరిగిందని భయపడి, ఊపిరి బాగానే ఆడుతున్నవాళ్లు కూడా స్టెరాయిడ్లు మింగారు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగం 2020 జూన్‌లోనే అసలు సంగతి చెప్పింది: డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు కాపాడింది, అవసరం లేనివారికి మేలు చేయలేదు. అదుపు తప్పిన షుగరు, విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారిచ్చాయి. నివారించదగ్గ ఆ నష్టం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పని 2020లో బ్రిటిష్ పరిశోధకులు వేలాది కోవిడ్ రోగుల వివరాలతో, ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి రూపొందించిన 4సీ స్కోరు. అందులో ఉన్నవి ఎనిమిదే అంశాలు. యూరియా, సీఆర్‌పీ రెండే ల్యాబ్ పరీక్షలు. మిగతావి వయసు, స్త్రీ పురుష భేదం, ఇతర జబ్బులు, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, స్పృహ. శ్వాస వేగం లెక్కించడానికి గడియారం చాలు. ఆక్సిజన్ శాతాన్ని వేలికొన మీదే చూపే పరికరానికి మూలమైన పద్ధతి జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1970లలో ఇచ్చిన వరం. అయితే ఆ పరికరం నల్లజాతి రోగులలో ఆక్సిజన్ లోపాన్ని ఎక్కువసార్లు పట్టుకోలేకపోతోందని 2020లో అమెరికాలో బయటపడింది. అందుకే అంకె ఒక్కటే చూసి ధీమాగా ఉండకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లకో, షుగరు రోగులకో, గర్భిణికో జ్వరం, దగ్గు పట్టుకుంటే, వాళ్లు కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. 24 కి చేరినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, మాట తడబడినా, రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.